పోస్ట్‌బ్యాక్ అయ్యాక వరుసలు మాయమవుతున్నాయి, పాత ధరే సేవ్ అవుతోంది: ఏ పనిని ఏ ఈవెంట్‌లో పెట్టాలి?

ప్రశ్న
అరండల్‌పేట, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక సంస్థ కోసం చాలాకాలం క్రితం రాసిన బిల్లింగ్ అప్లికేషన్‌ను ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. అది ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో, సీ షార్ప్‌లో ఉంది, ఫ్రేమ్‌వర్క్ 4.8. సీజన్ నడుస్తుండగా దాన్ని పూర్తిగా తిరగరాయడం కుదరదు కనుక, ఉన్నదాన్నే నమ్మకంగా పనిచేసేలా చేయాలి.

బిల్లు నమోదు పేజీలో పైన రైతు పేరు, ఊరు, తేదీ ఉంటాయి. కింద ఒక్కో లాట్‌కు ఒక్కో వరుస ఉంటుంది: రకం ఎంచుకునే డ్రాప్‌డౌన్ (తేజ, 334, 341, బాడిగ మొదలైనవి), టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, బరువు, క్వింటాలు ధర. రైతు ఎన్ని లాట్లు తెస్తాడో ముందుగా తెలియదు కాబట్టి, ‘మరో లాట్’ అనే బటన్ నొక్కినప్పుడు దాని క్లిక్ హ్యాండ్లర్‌లో కొత్త వరుసను కోడ్‌తో తయారుచేసి ప్లేస్‌హోల్డర్‌లో (వరుసల కోసం పేజీలో ఉంచిన ఖాళీ చోటులో) చేర్చే ఏర్పాటు ఉంది. మొదటిసారి నొక్కితే వరుస వస్తుంది. అందులో వివరాలు నింపి మళ్లీ నొక్కితే నింపిన వరుస పోయి, ఖాళీ వరుస ఒక్కటే కనిపిస్తుంది. ‘సేవ్’ నొక్కితే ప్లేస్‌హోల్డర్‌లో ఏమీ ఉండదు.

ఇదే పేజీలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత బిల్లును తెరిచి, ఉదాహరణకు 42 టిక్కీల తేజ లాట్‌కు ధరను 19,500 నుంచి 19,200కు మార్చి సేవ్ చేస్తే, డేటాబేస్‌లో 19,500 అలాగే ఉంటోంది. ఎర్రర్ ఏమీ రాదు.

వరుసలను తయారుచేసే కోడ్‌ను పేజ్_ఇనిట్‌లోకి మార్చి చూశాను. కానీ ఎన్ని వరుసలు ఉండాలో చెప్పే సంఖ్యను వ్యూస్టేట్‌లో (పేజీ స్థితిని పేజీలోనే దాచి, ఫారమ్‌తో పాటు తిరిగి సర్వర్‌కు పంపే ఏర్పాటులో) దాస్తున్నాం. ఇనిట్‌లో దాన్ని చదివితే నల్ వస్తోంది. లోడ్‌లో చదివితే విలువ ఉంది. పేజీలో ఒక భాగాన్నే తాజా చేసే అప్‌డేట్‌ప్యానెల్ పెడితే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. ఏ చిట్కా అయినా వాడే ముందు, ఏ పనికి ఏ ఈవెంట్ సరైన చోటో, ఎందుకో అర్థం చేసుకోవాలనుకుంటున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.


సమాధానం 1
గవర్నర్‌పేట, విజయవాడ

మీరు అడిగిన తీరు బాగుంది. ఇక్కడ ‘ఎందుకు’ అర్థమైతే, తర్వాత వచ్చే ప్రతి కొత్త పేజీలోనూ ఈ సమస్యలను మీరే పరిష్కరించుకోగలరు.

అన్నిటికన్నా ముందు మనసులో నిలుపుకోవలసిన విషయం ఒకటుంది. బ్రౌజర్ నుంచి వచ్చే ప్రతి రిక్వెస్ట్‌కూ సర్వర్ మీ పేజీ క్లాస్‌కు కొత్త ఆబ్జెక్ట్‌ను తయారుచేసి, జవాబు పంపించాక వదిలేస్తుంది. వినియోగదారుడికి అదే పేజీ కళ్లముందు కదలకుండా ఉన్నట్టు కనిపించినా, సర్వర్ వైపు క్రితంసారి ఉన్న ఆబ్జెక్ట్ గానీ, అందులోని ఫీల్డులు గానీ, మీరు కోడ్‌తో చేర్చిన కంట్రోళ్లు (టెక్స్ట్‌బాక్స్, డ్రాప్‌డౌన్ వంటివి) గానీ ఏవీ మిగలవు. మార్కప్‌లో రాసిన కంట్రోళ్లను ఫ్రేమ్‌వర్క్ ప్రతిసారీ తానే మళ్లీ నిర్మిస్తుంది. కోడ్‌తో చేర్చినవాటిని ప్రతిసారీ మళ్లీ నిర్మించే బాధ్యత మనది.

ఇప్పుడు మీ మొదటి ఇబ్బందిని చూడండి. ‘మరో లాట్’ మొదటిసారి నొక్కినప్పుడు హ్యాండ్లర్ ఒక వరుసను చేర్చింది, అది బ్రౌజర్‌కు వెళ్లింది. రెండోసారి నొక్కినప్పుడు కొత్త పేజీ ఆబ్జెక్ట్ పుట్టింది. అందులో ఆ వరుస లేదు. హ్యాండ్లర్ మళ్లీ ఒక వరుసను చేర్చింది. అందుకే ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే కనిపిస్తుంది. ‘సేవ్’ నొక్కినప్పుడు వరుసలోని విలువలు సర్వర్‌కు చేరే ఉంటాయి, రిక్వెస్ట్ డాట్ ఫారమ్‌లో చూస్తే కనిపిస్తాయి కూడా. వాటిని అందుకోవలసిన కంట్రోల్ మాత్రం అక్కడ ఉండదు.

పోస్ట్‌బ్యాక్ (బటన్ నొక్కినప్పుడు పేజీలోని ఫారమ్ మళ్లీ సర్వర్‌కు వెళ్లడం) సమయంలో పనులు జరిగే క్రమం ఇది. మొదట ప్రీఇనిట్, తర్వాత ఇనిట్, ఇనిట్‌కంప్లీట్. ఆ తర్వాత ఫ్రేమ్‌వర్క్ దాచిన వ్యూస్టేట్‌ను విప్పి ఆయా కంట్రోళ్లకు అందిస్తుంది. ఆ వెంటనే ఫారమ్‌లో వచ్చిన విలువలను టెక్స్ట్‌బాక్సులకూ డ్రాప్‌డౌన్లకూ ఇస్తుంది. అప్పుడు ప్రీలోడ్, లోడ్. లోడ్ అయ్యాక టెక్స్ట్‌ఛేంజ్డ్, సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్డ్ వంటి మార్పు ఈవెంట్లు, వాటి తర్వాత బటన్ క్లిక్, ఆపైన లోడ్‌కంప్లీట్, ప్రీరెండర్, ప్రీరెండర్‌కంప్లీట్. అక్కడ వ్యూస్టేట్‌ను సేవ్ చేసి, హెచ్‌టీఎంఎల్‌ను రెండర్ చేసి, చివరగా అన్‌లోడ్.

ఈ క్రమాన్ని దగ్గర పెట్టుకుని మీ రెండో ఇబ్బందిని చూస్తే కారణం వెంటనే తెలుస్తుంది. వినియోగదారుడు కొట్టిన 19,200 లోడ్‌కు ముందే టెక్స్ట్‌బాక్స్‌లోకి వచ్చింది. మీ పేజ్_లోడ్ డేటాబేస్ నుంచి బిల్లును చదివి, 19,500ను అదే టెక్స్ట్‌బాక్స్‌లో మళ్లీ పెట్టింది. తర్వాత నడిచిన సేవ్ క్లిక్, పెట్టెలో ఉన్న 19,500నే నమ్మకంగా సేవ్ చేసింది. ఎర్రర్ రాకపోవడానికి కారణం అదే. ఏ అడుగూ విఫలం కాలేదు. డేటాబేస్ నుంచి నింపే భాగాన్ని ‘ఈజ్‌పోస్ట్‌బ్యాక్ కాకపోతేనే’ అనే షరతు లోపల పెట్టండి. లోడ్‌లో మళ్లీ బైండ్ చేస్తే (డేటాను కంట్రోల్‌లో నింపితే) డ్రాప్‌డౌన్ల ఎంపిక పోవడం కూడా ఇదే కారణంతో జరుగుతుంది.

ఇక వరుసల సంఖ్య. ఇనిట్ జరిగే సమయానికి వ్యూస్టేట్ ఇంకా విప్పలేదు కాబట్టి మీకు నల్ రావడం సహజం. దీనికి నాకు నచ్చిన మార్గం పేజీలో లోడ్‌వ్యూస్టేట్ పద్ధతిని ఓవర్‌రైడ్ చేయడం. అందులో మొదట బేస్ పద్ధతిని పిలవండి. ఆ పిలుపు పూర్తయిన క్షణంలో పేజీ సొంత వ్యూస్టేట్ మీ చేతిలో ఉంటుంది, పిల్ల కంట్రోళ్ల వ్యూస్టేట్ మాత్రం ఇంకా పంచలేదు. అక్కడ సంఖ్యను చదివి అన్ని వరుసలనూ తయారుచేసి ప్లేస్‌హోల్డర్‌లో చేర్చితే, వాటి వ్యూస్టేట్ వాటికి అందుతుంది, ఫారమ్ విలువలు కూడా సమయానికే అందుతాయి. క్లిక్ హ్యాండ్లర్ చేయవలసింది చివర ఒక్క కొత్త వరుసను చేర్చి, సంఖ్యను ఒకటి పెంచడమే.

దీనికి రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ప్రతి కంట్రోల్‌కూ మీరే స్థిరమైన ఐడీ ఇవ్వండి. ధర పెట్టెలకు ‘ధర_0’, ‘ధర_1’ తరహాలో ఇస్తే చాలు. రిక్వెస్ట్ మారినా ఐడీ మారకూడదు, ఎందుకంటే ఫారమ్‌లో వచ్చిన విలువ ఏ కంట్రోల్‌దో ఫ్రేమ్‌వర్క్ పేరు చూసే నిర్ణయిస్తుంది. రెండోది, పేజీ వ్యూస్టేట్‌లో ఏమీ దాచకపోతే లోడ్‌వ్యూస్టేట్‌కు పిలుపే రాదు. కాబట్టి పేజీ మొదటిసారి తెరుచుకున్నప్పుడే సంఖ్యను, అది సున్నా అయినా సరే, వ్యూస్టేట్‌లో పెట్టండి.

కొందరు సంఖ్యను హిడెన్‌ఫీల్డ్‌లో ఉంచి ఇనిట్‌లోనే రిక్వెస్ట్ డాట్ ఫారమ్ నుంచి చదువుతారు. అదీ పనిచేస్తుంది. అయితే మాస్టర్ పేజీ (పేజీలన్నిటికీ ఉమ్మడి చట్రం) ఉన్నప్పుడు ఆ ఫీల్డ్ పేరు ‘సీటీఎల్00’తో మొదలయ్యే పొడవాటి పేరు అవుతుంది, క్లయింట్‌ఐడీమోడ్‌ను స్టాటిక్ చేసినా హెచ్‌టీఎంఎల్‌లోని నేమ్ మారదు. అందుకని పేరును చేత్తో రాయకుండా కంట్రోల్ యొక్క యూనీక్‌ఐడీతో చదవాలి.

అప్‌డేట్‌ప్యానెల్ ఈ సమస్యను తీర్చదు. దాని పోస్ట్‌బ్యాక్‌లో కూడా సర్వర్ మీద ఈ ఈవెంట్లన్నీ ఇదే క్రమంలో నడుస్తాయి; బ్రౌజర్‌కు తిరిగి వెళ్లేది మాత్రం పేజీ మొత్తం కాకుండా ఆ ప్యానెల్ భాగం. పేజీ మెరవడం తగ్గుతుంది, వరుసలు మాత్రం అలాగే మాయమవుతాయి.


సమాధానం 2
మొగల్రాజపురం, విజయవాడ

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. రెండు విషయాలు మాత్రం చేర్చాలి.

వ్యూస్టేట్ గురించి చాలామందిలో పాతుకుపోయిన ఒక అభిప్రాయం ఉంది: టెక్స్ట్‌బాక్స్‌లో కొట్టిన విలువను నిలబెట్టేది వ్యూస్టేట్ అని. టెక్స్ట్‌బాక్స్‌కు వ్యూస్టేట్‌ను ఆపేసి చూడండి, కొట్టిన విలువ అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ఫారమ్‌తో పాటు తానే వస్తుంది. వ్యూస్టేట్ అవసరం ఫారమ్‌లో రాని వాటికి: కోడ్‌లో మార్చిన లేబుల్ పాఠ్యం, డ్రాప్‌డౌన్‌లోని అంశాల జాబితా, గ్రిడ్‌వ్యూ వరుసలు ఇలాంటివి. టెక్స్ట్‌ఛేంజ్డ్ ఈవెంట్ కోసం పాత విలువతో పోల్చడానికి కూడా టెక్స్ట్‌బాక్స్ దాన్ని వాడుకుంటుంది. ఈ తేడా తెలియక పేజీ అంతటికీ వ్యూస్టేట్‌ను ఉంచేసి, యార్డు దగ్గర మొబైల్ నెట్ మీద పనిచేసే గుమాస్తాలకు ప్రతి క్లిక్‌కూ అనవసరమైన బరువును మోయించడం సరికాదు.

రెండోది, వరుసలను చేత్తో నిర్మించవలసిన అవసరం నిజంగా ఉందా అని ఆలోచించండి. మీ వరుసలన్నీ ఒకే ఆకారంలో ఉన్నాయి. అలాంటప్పుడు రిపీటర్ (ఒకే నమూనాను జాబితాలోని ప్రతి అంశానికీ మళ్లీ మళ్లీ చూపించే కంట్రోల్) వాడటం మేలు. దానిలో ఎన్ని అంశాలు ఉన్నాయో ఆ కంట్రోలే తన వ్యూస్టేట్‌లో దాచుకుని, పోస్ట్‌బ్యాక్‌లో మీరు మళ్లీ బైండ్ చేయకపోయినా వాటిని తిరిగి నిర్మించుకుంటుంది. ‘మరో లాట్’ క్లిక్‌లో ఉన్న వరుసల విలువలను ఒక జాబితాలోకి చదివి, చివర ఒక ఖాళీ లాట్‌ను చేర్చి, అదే జాబితాతో మళ్లీ బైండ్ చేయండి. ఈ పద్ధతిలో లోడ్‌వ్యూస్టేట్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఐడీల గురించి ఆలోచించనక్కర్లేదు, మధ్యలో వరుసను తీసేయడం కూడా జాబితాలోంచి ఒకదాన్ని తొలగించినంత సులువు.

చేత్తో నిర్మించే పద్ధతిలో మధ్య వరుసను తీసేయడం నిజంగా ప్రమాదకరం. పిల్ల కంట్రోళ్లకు వ్యూస్టేట్‌ను ఫ్రేమ్‌వర్క్ మామూలుగా ఐడీని బట్టి కాకుండా, కంట్రోల్ చెట్టులో (ఒకదాని లోపల ఒకటి ఉండే అమరికలో) వాటి స్థానాన్ని బట్టి పంచుతుంది. మూడు వరుసల్లో రెండోదాన్ని తీసేసి, తర్వాతి రిక్వెస్ట్‌లో వేరే క్రమంలో నిర్మిస్తే ఒక లాట్ సమాచారం ఇంకో లాట్‌కు చేరవచ్చు, లేదా కంట్రోల్ చెట్టు సరిపోలడం లేదనే ఎక్సెప్షన్ రావచ్చు. ఎక్సెప్షన్ వస్తే అదృష్టమే. తేజ ధర బాడిగ లాట్‌కు చేరి ఎవరూ గమనించకపోతే నష్టపోయేది రైతు. కాబట్టి చేత్తోనే నిర్మించేటట్టయితే వరుసను తొలగించకండి. దాని విజిబుల్‌ను ఫాల్స్ చేసి, సేవ్ చేసేటప్పుడు వదిలేయండి. కనిపించని కంట్రోల్ రెండర్ కాదు గానీ చెట్టులో తన స్థానంలోనే ఉంటుంది.


అడిగినవారి స్పందన
అరండల్‌పేట, గుంటూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈజ్‌పోస్ట్‌బ్యాక్ షరతు పెట్టగానే ధర సరిగ్గా సేవ్ అవుతోంది. వరుసలకు లోడ్‌వ్యూస్టేట్ పద్ధతి పనిచేసింది. అయినా తొలగింపు గురించి చెప్పినది చదివాక రిపీటర్‌లోకి మార్చాను.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. బిల్లు మొత్తాన్ని మాస్టర్ పేజీలో పై పట్టీ మీద చూపిస్తాం. ఆ లెక్క మాస్టర్ పేజీ లోడ్‌లో ఉంది. కొత్త లాట్‌ను చేర్చినా, ఉన్నదాన్ని తీసేసినా మొత్తం వెంటనే మారడం లేదు; ఆ తర్వాత ఇంకేదైనా నొక్కినప్పుడు మారుతోంది. రెండోది, ప్రింటు కోసం వేరే మాస్టర్ పేజీ ఉంది. దాన్ని పేజ్_లోడ్‌లో కేటాయిస్తే ఎక్సెప్షన్ వస్తోంది. మూడోది, డేటాబేస్ కనెక్షన్‌ను పేజ్_అన్‌లోడ్‌లో మూసేలా పాత కోడ్ ఉంది. వినియోగదారుడు బ్రౌజర్‌ను మూయకుండా వదిలేస్తే కనెక్షన్ అలాగే తెరిచి ఉంటుందా?


సమాధానం 3
బ్రాడీపేట, గుంటూరు

మూడో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అన్‌లోడ్ అనే పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దానికీ బ్రౌజర్ మూయడానికీ సంబంధం లేదు. పేజీ హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేయడం అయిపోయాక, అదే రిక్వెస్ట్ చివర, సర్వర్ మీద నడిచే ఈవెంట్ అది. జవాబు అప్పటికే సిద్ధమైపోయి ఉంటుంది కాబట్టి అక్కడ రెస్పాన్స్‌లోకి ఏదైనా రాయబోతే ఎక్సెప్షన్ వస్తుంది. అందువల్ల మీ కనెక్షన్ వినియోగదారుడి కోసం ఎదురుచూస్తూ ఉండదు. అయినా దాన్ని లోడ్‌లో తెరిచి అన్‌లోడ్ దాకా పట్టుకుని ఉండటం మంచి అలవాటు కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ కనెక్షన్ పూల్ (మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల సమూహం) గరిష్ఠ పరిమాణం, మార్చకపోతే, 100. ఉదయం వేలం తర్వాత అందరూ ఒకేసారి బిల్లులు కొట్టేటప్పుడు ఒక్కో కనెక్షన్‌ను ఎంత తక్కువసేపు పట్టుకుంటే అంత మంచిది. ప్రతి క్వెరీ దగ్గరే యూజింగ్ బ్లాక్‌లో తెరిచి, అక్కడే వదిలేయండి.

మొత్తం ఆలస్యంగా మారడానికి కారణం క్రమంలోనే ఉంది. ఇనిట్ లోపలి కంట్రోల్ నుంచి బయటికి నడుస్తుంది: మొదట పిల్ల కంట్రోళ్ల ఇనిట్, తర్వాత మాస్టర్ పేజీ ఇనిట్, చివర మీ పేజీ ఇనిట్. లోడ్ దీనికి తిరగబడి నడుస్తుంది: మొదట మీ పేజీ, తర్వాత మాస్టర్, ఆ తర్వాత లోపలి కంట్రోళ్లు. ఫ్రేమ్‌వర్క్ దృష్టిలో మాస్టర్ పేజీ అంటే పేజీ లోపల ఉండే ఒక పిల్ల కంట్రోల్; చూడటానికి అది పేజీని చుట్టుకుని ఉన్నా, చెట్టులో దాని చోటు అది. ఇప్పుడు, మాస్టర్ లోడ్ మీ పేజీ లోడ్ తర్వాత నడిచినా, బటన్ క్లిక్‌కు మాత్రం ముందే నడుస్తుంది. క్లిక్ లాట్‌ను చేర్చే సమయానికి మొత్తం లెక్క అయిపోయి ఉంటుంది. క్లిక్ వల్ల మారే దేన్నయినా చూపించే కోడ్ ప్రీరెండర్‌లో ఉండాలి. అన్ని మార్పు ఈవెంట్లూ క్లిక్‌లూ అయిపోయాక, వ్యూస్టేట్ సేవ్ కావడానికి ముందు వచ్చే చోటు అది. ప్రీరెండర్ కూడా పేజీది ముందు, మాస్టర్‌ది తర్వాత నడుస్తుంది కాబట్టి, మీ పేజీ ప్రీరెండర్‌లో మొత్తాన్ని లెక్కగట్టి మాస్టర్‌లోని ఒక ప్రాపర్టీకి ఇస్తే సరిపోతుంది.

ప్రింటు మాస్టర్‌ను ప్రీఇనిట్‌లో కేటాయించండి. మాస్టర్ పేజీలు, థీములు 2005లో 2.0 వెర్షన్‌తో వచ్చాయి. వాటితో పాటే ప్రీఇనిట్ కూడా వచ్చింది. మాస్టర్ పేజీ చెట్టులో కలవడం ప్రీఇనిట్ అయ్యాక, ఇనిట్ మొదలయ్యే ముందు జరుగుతుంది. కలిసిపోయిన తర్వాత మార్చడం కుదరదు కనుకనే మీకు ఎక్సెప్షన్ వస్తోంది. మాస్టర్ ఉన్న పేజీలో ప్రీఇనిట్ సమయానికి మీ టెక్స్ట్‌బాక్సులు ఇంకా తయారై ఉండవు, కాబట్టి ‘ప్రింటా, కాదా’ అనే నిర్ణయాన్ని క్వెరీస్ట్రింగ్ నుంచి గానీ సెషన్ నుంచి గానీ తీసుకోండి.

మొదటి సమాధానంలో లేని ఒక సంగతి కూడా చెప్పాలి. కోడ్‌తో చేర్చే కంట్రోళ్లను లోడ్‌లో చేర్చినా సాధారణంగా పనిచేస్తాయి. ఆలస్యంగా చేరిన కంట్రోల్ అప్పటికి దాటిపోయిన ఇనిట్, వ్యూస్టేట్, లోడ్ దశలను గబగబా పూర్తిచేసుకుని మిగతా చెట్టును అందుకుంటుంది. ఫారమ్ విలువల్లో యజమాని దొరకనివి మిగిలితే, లోడ్ అయ్యాక ఫ్రేమ్‌వర్క్ రెండోసారి వెతుకుతుంది. అందుకే కొందరి కోడ్ లోడ్‌లో ఉండి కూడా ఏళ్లుగా నడుస్తోంది. తేడా ఎక్కడంటే, లోడ్‌లో చేర్చిన టెక్స్ట్‌బాక్స్‌ను లోడ్‌లోనే చదివితే కొట్టిన విలువ ఉండదు. రెండో విడత ఇంకా జరగలేదు. రిపీటర్‌ను లోడ్‌లో మళ్లీ బైండ్ చేసినప్పుడు ఈ రెండో విడత కూడా ఆదుకోదు, ఎందుకంటే ఆ విలువలు మొదటి విడతలోనే పాత వరుసలకు చేరిపోయాయి, ఆ పాత వరుసలను మీరు తీసేశారు.

ఏ ఈవెంట్ ఎప్పుడు నడుస్తోందో కళ్లారా చూడాలంటే పేజ్ డైరెక్టివ్‌లో ట్రేస్‌ను ట్రూ చేయండి. పేజీ కింద ప్రతి దశ మొదలైన సమయం, ముగిసిన సమయం, కంట్రోల్ చెట్టు, ఒక్కో కంట్రోల్‌కు వ్యూస్టేట్ ఎన్ని బైట్లు తింటోందో అన్నీ వస్తాయి. మీ సొంత మెసేజ్‌ను ట్రేస్ డాట్ వార్న్‌తో రాస్తే ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. అసలు సర్వర్‌కు పంపేటప్పుడు మాత్రం దాన్ని తప్పనిసరిగా తీసేయండి. అందులో సెషన్ ఐడీ, కుకీలు, ఫారమ్ విలువలు కూడా బయటపడతాయి.


సమాధానం 4
లబ్బీపేట, విజయవాడ

ట్రేస్‌లో మీరు రాసిన మెసేజ్ రెండుసార్లు కనిపిస్తే ఆటోఈవెంట్‌వైరప్‌ను (పేజ్_లోడ్ వంటి పేర్లున్న పద్ధతులను ఈవెంట్లకు దానంతటదే కలిపే సెట్టింగ్‌ను) చూడండి. అది ట్రూ అయి ఉండి, ఆన్‌ఇనిట్‌లో కూడా ఎవరో పేజ్_లోడ్‌ను చేత్తో కలిపి ఉంటే, ఒకే రిక్వెస్ట్‌లో ఆ పద్ధతి రెండుసార్లు నడుస్తుంది. పాత ప్రాజెక్టుల్లో ఇది తరచుగా ఉంటుంది.


అడిగినవారి స్పందన
అరండల్‌పేట, గుంటూరు

మొత్తం లెక్కను ప్రీరెండర్‌లోకి మార్చాను. లాట్ చేర్చగానే మారుతోంది. ప్రింటు మాస్టర్ కూడా ప్రీఇనిట్‌లో కుదిరింది. లబ్బీపేట వారు చెప్పినట్టే ఒక పేజీలో లోడ్ రెండుసార్లు నడుస్తోంది, సరిచేశాను.

ఒక్కటి మిగిలింది. సేవ్ అయ్యాక వినియోగదారులు ఎఫ్5 నొక్కితే అదే బిల్లు రెండోసారి నమోదవుతోంది. సేవ్ క్లిక్ చివర రెస్పాన్స్ డాట్ రీడైరెక్ట్ పెడితే లాగ్‌లో థ్రెడ్‌అబార్ట్‌ఎక్సెప్షన్ నిండిపోతోంది.


సమాధానం 5
గవర్నర్‌పేట, విజయవాడ

రీడైరెక్ట్ పెట్టాలన్న నిర్ణయం సరైనదే. సేవ్ అయిన బిల్లును చూపించే పేజీకి పంపితే, ఎఫ్5 నొక్కినా ఆ పేజీయే మళ్లీ తెరుచుకుంటుంది, ఫారమ్ మళ్లీ వెళ్లదు.

రీడైరెక్ట్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ ఇచ్చి, ఆ వెంటనే అప్లికేషన్‌ఇన్‌స్టాన్స్‌లోని కంప్లీట్‌రిక్వెస్ట్‌ను పిలవండి. ఎక్సెప్షన్ ఆగుతుంది. అయితే ఇలా చేస్తే ప్రస్తుత పేజీ జీవితచక్రం మధ్యలో తెగదు. క్లిక్ హ్యాండ్లర్‌లో ఆ పిలుపు కింద రాసిన లైన్లు నడుస్తాయి, లోడ్‌కంప్లీట్ నడుస్తుంది, మీరు ఇప్పుడే పెట్టిన ప్రీరెండర్ లెక్క కూడా నడుస్తుంది. కంప్లీట్‌రిక్వెస్ట్ దాటవేసేది పేజీ ముగిశాక హెచ్‌టీటీపీ పైప్‌లైన్‌లో రావలసిన మిగతా దశలను మాత్రమే. కాబట్టి హ్యాండ్లర్‌లో ఆ పిలుపు తర్వాత రిటర్న్ రాయండి. ప్రీరెండర్‌లో డేటాబేస్‌ను తాకే పని ఏదైనా ఉంటే, రెస్పాన్స్‌లోని ఈజ్‌రిక్వెస్ట్‌బీయింగ్‌రీడైరెక్టెడ్ అనే ప్రాపర్టీని ముందు చూసుకుని, అది ట్రూ అయితే ఆ పనిని వదిలేయండి.